చేతులు కనబడతాయా

నికాసియాకు ఆరేళ్లున్నప్పుడు కోర్దొబా కొండల్లో పిల్లలకు తట్టు సోకింది. చాలా ఇళ్లలో చిన్న శవపేటికలు లేచాయి. ఆమె చెల్లెలు దెల్ఫీనా మాత్రం బతికి బయటపడింది. జ్వరం దిగిన రోజు లేచి కూర్చుని, గిన్నె చూపించి పాలు అడిగింది. తల్లి వెనక నుంచి పిలిస్తే తిరగలేదు. మొండితనం అనుకుంది తల్లి. రెండోసారి పిలిచింది, మూడోసారి అరిచింది. ఆఖరికి ఇనుప మూకుడు తీసి నేలకేసి కొట్టింది. గడపలో పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది గాని, పిల్ల తలెత్తకుండా పాలు తాగుతూనే ఉంది. అప్పుడు తెలిసింది.

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎలా మాట్లాడాలో తెలియక మాట్లాడటం మానేశారు, అంతే. నికాసియాకు మాత్రం నోరు మూసుకుని ఉండటం పుట్టుకతోనే రాలేదు. రోజంతా చూసింది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఆమెకు అన్నం సయించదు. వినలేని చెల్లెలికి చూపించి చెప్పడం మొదలుపెట్టింది. నాన్న కుంటుతాడు కాబట్టి రెండు వేళ్లు కుంటించి నడిపిస్తే నాన్న. నడుము వెనక ముడి వేసినట్టు చేస్తే అమ్మ. వేళ్ల కొసలు ముంజేతి మీద టపటపా కొడితే వాన. మోచేతి మీదుగా పిడికిలి పైకి లేస్తే రేపు. పాలు ఒలికి కాలిన మచ్చ ఒకటి నికాసియా ఎడమ చేతి మీద ఉండేది. ఆ చోటు రుద్దితే నికాసియా. దెల్ఫీనా తన పేరు తానే పెట్టుకుంది. రెండు వేళ్లు కళ్లకింద ఆనించి చూపించేది.

పదేళ్లు తిరిగేసరికి అది ఒక పూర్తి భాష అయిపోయింది. అబద్ధాలు, చాడీలు, బూతులు అన్నీ అందులో ఉండేవి. మందలో ప్రతి మేకకూ ఒక పేరుండేది. ఒక ఆదివారం పూజ మధ్యలో దెల్ఫీనా పాదిరి గారి పొట్ట గురించి ఏదో చెప్పింది. నికాసియా పగలబడి నవ్వి, ఇంటికొచ్చాక తల్లి చేత దెబ్బలు తింది. ఏం చెప్పిందో తల్లికి చివరిదాకా తెలియదు. ఆ భాష వచ్చినవాళ్లు లోకంలో ఇద్దరే.

దెల్ఫీనాను పెళ్లాడినవాడు సిరియాకో. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి మేకల దొడ్లు కట్టేవాడు. వాళ్ల దొడ్డి గోడ కూలితే కట్టడానికొచ్చాడు. ఆ గోడకు పట్టాల్సిన రోజుల కంటే చాలా ఎక్కువ పట్టాయి. ఒక మధ్యాహ్నం టోపీ చేతిలో పట్టుకుని నికాసియా దగ్గరకొచ్చాడు.

"మీ చెల్లెల్ని నాకోసం ఓ మాట అడిగి చెప్తావా?"

నికాసియా అడిగింది. దెల్ఫీనా చేతులు చాలాసేపు ఆడాయి. సిరియాకో చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటోంది?"

"ఆలోచిస్తానంటోంది."

"ఇంతసేపూ అదొక్కటేనా చెప్పింది?"

"మిగతాది నీకొద్దులే," అంది నికాసియా. మిగతాది ఏమిటంటే, ఆ పెద్ద చెవులకు గట్టి గాలి తగిలితే మనిషి ఎగిరిపోతాడు, కానీ చేతులు మంచివి, రాయిని కూడా కొట్టకుండా పట్టుకుంటాడు అని.

పెళ్లయ్యాక దెల్ఫీనా కొండ అవతలి లోయకు వెళ్లిపోయింది. రెండిళ్ల మధ్యా కంచరగాడిదకి సగం రోజు దారి. వానలు పడే వేసవిలో ఏరు పొంగితే ఆ దారీ ఉండదు. ఊరి పండుగకు ఒకసారి, మేకలు ఈనే రోజుల్లో ఒకసారి కలిసేవాళ్లు. కలిసిన రోజు ఇద్దరి చేతులూ పడుకునేదాకా ఆగేవి కావు. విడిపోయాక నికాసియా చేతులకు పని ఉండేది గాని మాట ఉండేది కాదు. భర్తతో నోటితో మాట్లాడేది. అతను పోయాక మేకలతో మాట్లాడింది.

నడుమ ఒకసారి కింద అంగట్లో టెలిఫోను పెట్టారు. కొండ మీద వాళ్లంతా వరసలో నిలబడి దూరాన ఉన్న బిడ్డల గొంతులు విని ఏడ్చారు. నికాసియా కూడా వెళ్లింది. అవతలి చివర సిరియాకో ఉన్నాడు.

"దెల్ఫీనా నా పక్కనే ఉంది వదినా. ఫోను చెవికి పెట్టుకుంది."

నికాసియాకు చెల్లెలి ఊపిరి వినబడింది. కాసేపు ఆ ఊపిరినే విని, ఇంకేం చెయ్యాలో తోచక పెట్టేసింది. మళ్లీ ఆ వరసలో నిలబడలేదు.

అవతలి లోయలోని చిన్న బడికి మారిసెల్ అనే టీచరమ్మ వచ్చాక వల సంగతి మొదలైంది. ఇంత తక్కువమంది ఉన్న ఊళ్లకు తీగ లాగడం మాకు గిట్టుబాటు కాదని కంపెనీలవాళ్లు చెప్పేశారట. అయితే మనమే లాక్కుందాం అంది మారిసెల్. పట్నం నుంచి వచ్చే ఇంటర్నెట్ బడి కప్పు దాకా తెచ్చారు. అక్కణ్నుంచి ఇంటికో డబ్బా. ఒక కప్పు మీది డబ్బా తనకు కనబడే ఇంకో కప్పు మీది డబ్బాతో మాట్లాడుతుంది, అది ఆ పై ఇంటితో. మధ్యలో పెద్దమనిషి ఎవరూ లేరు, యజమాని ఎవరూ లేరు. పక్కిల్లు బాగుంటే నువ్వు బాగుంటావు. జనం దాన్ని 'వల' అన్నారు. ఆదివారాలు ఒకరింట మాంసం కాల్చుకుని, మధ్యాహ్నానికల్లా వాళ్ల కప్పు మీద డబ్బా కట్టిన కర్ర నిలబెట్టి దిగేవాళ్లు.

సిరియాకో కప్పు మీద కర్ర నిలబెట్టిన రోజు మారిసెల్ దెల్ఫీనా చేతికి ఒక ఫోను ఇచ్చి, అందులో బొమ్మలు కదలడం చూపించింది. దెల్ఫీనా బొమ్మలు చూడలేదు. వాకిట్లోకొచ్చి కొండ వైపు వేలు చూపించి ఎడమ ముంజెయ్యి రుద్దుకుంది. మళ్లీ చూపించింది, మళ్లీ రుద్దుకుంది.

"చెయ్యి నొప్పా?" అంది మారిసెల్.

"కాదు టీచరమ్మా," అన్నాడు సిరియాకో. "వాళ్లక్క. కొండవతల ఉంటుంది."

ఆ వారంలోనే మారిసెల్ కొండెక్కి నికాసియా ఇంటికొచ్చింది. నికాసియా చీజ్ వడగడుతూ, పెద్దరికానికి 'దోన్య' అంటూ టీచరమ్మ చెప్పేది లేవకుండానే విన్నది. లోకమంతా ఇంట్లోకి వస్తుందట, ధరలు తెలుస్తాయట, వాన ముందే తెలుస్తుందట.

"వాన నా మోకాళ్లు చెప్తాయి. ఇంకేంటి?"

"మొహం చూస్తూ మాట్లాడుకోవచ్చు దోన్య నికాసియా. మీ చెల్లెలు..."

నికాసియా చేతిలోని గుడ్డ వదిలేసింది.

"మొహం సరే. చేతులు కనబడతాయా?"

"కనబడతాయి."

"రెండూనా?"

"రెండూ."

"అయితే కర్ర ఎక్కడ పాతుతారో చూపించు."

చిక్కల్లా ఒక్కటే. నికాసియా ఇంటికి చెల్లెలి లోయ కనబడదు. రెండు వైపులా కనబడే ఇల్లు శిఖరం మీద ఒక్కటే ఉంది. అది దోన్ సెనోన్‌ది. ఒంటరి ముసలాడు. ఊట నీళ్ల దగ్గర నికాసియా భర్తతో గొడవపడి, అతను చచ్చేదాకా పలకరించలేదు, చావుకీ రాలేదు. నికాసియా కంచరగాడిద ఎక్కి వెళ్లింది.

సెనోన్ గుమ్మంలో కూర్చుని సొరబుర్రలోని మాతే ఆకు కషాయం గొట్టంతో పీలుస్తున్నాడు. గొట్టం నోట్లోంచి తియ్యకుండానే అంతా విన్నాడు.

"మీరు కబుర్లు చెప్పుకోడానికి నా నెత్తిన కర్ర పాతుతారన్నమాట."

"నెత్తిన కాదు, కప్పు మీద."

"గోల చేస్తుందా అది?"

"చెయ్యదు."

"నువ్వు చేస్తావుగా. మీ ఆయన ఎప్పుడూ అనేవాడు, నువ్వు నిద్దర్లో కూడా ఊరుకోవని."

"మీతో మాట్లాడనప్పుడు ఆయన అన్నది మీరెలా విన్నారు?"

సెనోన్ ఆ బుర్రలో మళ్లీ వేడి నీళ్లు పోసి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చాడంటే ఒప్పుకున్నట్టే.

మొదటిరోజు ఫోను తెర మీద అక్క కనబడగానే దెల్ఫీనా ఫోను తిప్పి వెనక చూసింది. తర్వాత ఇద్దరికీ ఒకే ఇబ్బంది వచ్చింది. ఒక చెయ్యి ఫోను పట్టుకుంటే ఒక చెయ్యే మాట్లాడాలి. సగం సగం మాటలతో తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. నికాసియా ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించింది. అవతల సిరియాకో మర్నాటికల్లా కిటికీ పక్కన ఫోను నిలబడేలా రాళ్లతో చిన్న గూడు పేర్చాడు. అది చూసి దెల్ఫీనా, అక్కకు కూడా ఒకటి కట్టి రమ్మని అతన్ని తోలింది.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం, మేకల పాలు పితికాక, రెండు వంటిళ్లూ ఒకటయ్యేవి. దెల్ఫీనా రొట్టె పిసికితే నికాసియా వంక పెట్టేది. నికాసియా చొక్కాకు మాసికలు వేస్తే దెల్ఫీనా కుట్లు లెక్కపెట్టి ఎగతాళి చేసేది. చిన్నప్పటి మేకలన్నిట్నీ పేరుపేరునా తలుచుకున్నారు. గొడవలూ పడ్డారు. కోపమొస్తే దెల్ఫీనా ఫోన్‌ను గోడకేసి తిప్పి పెట్టేసేది. నికాసియాకు గోడ మాత్రమే కనబడేది. గోడను చూస్తూ కూర్చునేది, తిప్పేదాకా.

పిడుగులు, వడగళ్లు వచ్చినప్పుడు శిఖరం మీది డబ్బా పడుకునేది. సెనోన్ ఎవరూ అడగకుండానే నిచ్చెన వేసుకుని ఎక్కేవాడు. ఒకరోజు చీజ్ కోసం వచ్చి, అక్కాచెల్లెళ్ల మాటలు చూస్తూ నిలబడిపోయాడు.

"రోజూ నా నెత్తి మీంచి పోయేది ఇదన్నమాట. నా సంగతేమైనా ఉంటుందా అందులో?"

"ఉంటుంది."

"నా పేరెలా చెప్తారు?"

నికాసియా తెర వైపు చూసింది. తెరలోంచి దెల్ఫీనాకు విషయం అర్థమైపోయింది. ఒక చేత్తో గడ్డం దువ్వి, రెండో చేత్తో ముక్కు మూసుకుంది.

"పోతు మేకనా?"

"మీరు ఊట దగ్గర గొడవ పడ్డ రోజుల్లో పెట్టింది," అంది నికాసియా.

సెనోన్ కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా తెర ముందు నిలబడి గడ్డం దువ్వి ముక్కు మూసుకునేవాడు. అదే అతని పలకరింపు.

అలా కొన్నేళ్లు గడిచాక ఒక చలికాలమంతా చినుకు పడలేదు. చలి ముగిసే ఆగస్టు చివర్లో ఉత్తరపు గాలి లేచింది. ఎక్కడో అడుగున అంటుకున్న నిప్పు ఒక్క మధ్యాహ్నంలో కొండ పక్కంతా పాకింది. తెర మీద దెల్ఫీనా వెనక గోడ, కిటికీలోంచి పడ్డ వెలుతురుకు నారింజ రంగుకు తిరిగింది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ తాగిన ఊపిరితిత్తులు ఆమెవి. దగ్గుతూనే మాట్లాడింది. పొగ అంది. మేకల్ని ఏట్లోకి తోలాం అంది. సిరియాకో గోనెసంచులు తడుపుతున్నాడు అంది. ఇంకేదో చెప్పబోయి కుడిచెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే తెర మీద ఆగిపోయింది. కాసేపటికి అదీ పోయింది.

మర్నాడు పొద్దున సెనోన్ వచ్చాడు. ముఖమంతా మసి. కనుబొమ్మలు లేవు.

"కర్ర కాలిపోయింది నికాసియా. నీళ్లు పోశాను. తొట్టిలో ఉన్నవన్నీ పోశాను."

"మీ ఇల్లో?"

"గోడలు రాయే కదా, ఉన్నాయి. కప్పు లేదు."

ఉన్న నీళ్లు కర్ర మీద పోసి కప్పును వదిలేశాడని నికాసియాకు అర్థమైంది. గిన్నెలో నీళ్లు తెచ్చి, తన గుడ్డతో అతని ముఖం తుడిచింది.

అవతలి లోయ నుంచి ఏ కబురూ లేదు. దారిలో నిప్పు ఇంకా బతికే ఉంది, ఎవర్నీ పోనివ్వడం లేదు. నికాసియా వాకిట్లో నిలబడి కొండ మీది పొగనే చూసేది. మంటలార్పే బండి ఆ వైపు దిగిన రోజున దానిలో ఎక్కి కూర్చుంది. దెల్ఫీనాకు ఊపిరాడక పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారని డ్రైవరు చెప్పాడు. సిరియాకో మంటలతో పోరాడుతూ వెనక ఉండిపోయాడట.

ఆమె ఆసుపత్రికి చేరేసరికి దెల్ఫీనా పోయి ఒక రోజు దాటింది. సిరియాకో నడవలో బల్ల మీద, పొగ వాసన కొట్టే బట్టలతో కూర్చుని ఉన్నాడు. అతనూ అందుకోలేదు.

నర్సొకామె దెల్ఫీనా చెప్పులు, శాలువా తెచ్చి ఇచ్చింది. వెళ్లబోయి ఆగింది.

"మీరు అక్కగారా? ఒకటి అడగాలి. ఆఖర్న ఆవిడ ఇలా అంటూనే ఉంది పాపం." అరచెయ్యి ముఖం ముందుకు తెచ్చి, తనవైపు రెండుసార్లు లాక్కుంది నర్సు. "నాకు తెలీక, దాహమేమోనని నీళ్లిచ్చాను. తాగేది. మళ్లీ అదే అనేది. మళ్లీ ఇచ్చేదాన్ని. ఏమడిగిందమ్మా?"

నికాసియాకు ఆ సైగ బాగా తెలుసు. సాయంత్రాలు మాటల మధ్యలో ఆమె పొయ్యి వైపు జరిగినప్పుడల్లా దెల్ఫీనా తెరలోంచి అలాగే చేసేది. వెలుతుర్లోకి రా, నువ్వు కనబడటం లేదు.

"నీళ్లే," అంది నికాసియా. "నీళ్లే అడిగింది. మీరిచ్చారు."

నర్సు ఊపిరి పీల్చుకుని, ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది.

దెల్ఫీనాను అవతలి లోయలోనే పాతిపెట్టారు. సమాధి దగ్గర జనం నికాసియా చేతుల వైపే చూశారు, చెల్లెలితో ఆఖరి మాట మాట్లాడుతుందేమోనని. ఆమె చేతులు ముందుగుడ్డ జేబుల్లోంచి తియ్యలేదు. చూసేవాళ్లు లేనిదే ఆ మాటలకు అర్థం లేదు.

వానలు పడ్డాక రెండు లోయలవాళ్లూ కలిసి సెనోన్ ఇంటికి కొత్త కప్పు వేశారు. ఈసారి ఇనుప గొట్టం నిలబెట్టారు. మారిసెల్ నికాసియా ఇంటికొచ్చి డబ్బాలో పచ్చలైటు వెలగడం చూసి, గుమ్మంలోనే ఆగింది.

"దోన్య నికాసియా, మీకు ఇష్టం లేకపోతే... మీకింక అవసరం..."

"కింద నాలుగిళ్లకి ఇక్కణ్నుంచే కదా పోవాలి?"

"అవును."

"మరి ఉండనీ. నాకేం అడ్డం?"

డబ్బాకు కరెంటిచ్చే సోలార్ పలక మీద బూడిద తానే తుడిచింది. ఫోను మాత్రం గుడ్డలో చుట్టి బల్ల సొరుగులో పెట్టేసింది. రాతి గూట్లో ఇప్పుడు ఉప్పు డబ్బా పెట్టుకుంది. సాయంత్రం పాలు పితికాక ఏం చెయ్యాలో తెలియక, పితికిన మేకల దగ్గరకే మళ్లీ వెళ్లేది. ఒక్కోసారి చేతులు వాటంతటవే లేచేవి, వడగళ్లు పడ్డాయనో, కుంటిమేక ఈనిందనో చెప్పడానికి. వాటిని పట్టుకుని ఒళ్లో పెట్టుకునేది.

శరత్కాలం మొదట్లో సెనోన్ కబురు మోసుకొచ్చాడు.

"మీ మరిది రేపు సాయంత్రం ఫోను తియ్యమన్నాడు."

"ఎందుకట?"

"నాకేం తెలుసు? నా నెత్తి మీంచి పోతుందిగా, పోయేటప్పుడు అడుగుతాలే."

మర్నాడు తెర మీద సిరియాకో కనబడ్డాడు. దెల్ఫీనా కుర్చీలో కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు, చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. వల చెడిందేమో అనుకుంది నికాసియా. తర్వాత గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా ఆ ఫోనులో శబ్దం ఎప్పుడూ పెట్టలేదు. ఆ అవసరమే రాలేదు. పక్కనున్న మీట వెతికి నొక్కింది.

"...వినబడుతోందా వదినా?"

"ఇప్పుడు వినబడుతోంది."

సిరియాకో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాకు తిండి, మేకలు, చలి, పని, ఇవే అర్థమయ్యేవి వదినా. మిగతావి దెల్ఫీనా గబగబా చెప్పుకుపోయేది. నేను తలూపేవాణ్ని. అర్థం కాలేదని దానికి తెలుసు. అయినా చెప్పేది." మొరటు చేతులు పైకెత్తాడు. "కొన్ని గుర్తున్నాయి. చేసి చూపిస్తా. అదేంటో చెప్తావా?"

ఒకటి చేశాడు. తప్పుగా చేశాడు, రాళ్లెత్తిన వేళ్లు వంగవు కదా. నికాసియా గుర్తుపట్టింది. "అది 'బద్ధకస్తుడు' అని."

"ఇదో?" చెవి కొన పట్టుకుని గాల్లోకి లాగాడు.

"అది నువ్వే. నీ పేరు. గాలికెగిరిపోయేవాడు."

సిరియాకో నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తల దించుకున్నాడు. తల ఎత్తేదాకా నికాసియా ఆగింది.

అలా ఆ చలికాలమంతా నడిచింది. పగలంతా గోడ కడుతూ ఒకటో రెండో గుర్తు తెచ్చుకునేవాడు, సాయంత్రం చేసి చూపించేవాడు. 'నీ కూతలు చాలు' అన్నవి, 'ఈ చొక్కా విప్పు, ఉతకాలి' అన్నవి, 'మనకు పిల్లలుంటే' అన్నది ఒకటి. అది చెప్పిన రోజు నికాసియా ఫోను తొందరగా కట్టేసింది. బతికుండగా దెల్ఫీనా ఎవరితో అవన్నీ చెప్పుకుందో, ఎవరు తలూపారో తలుచుకుంటే పొయ్యి వెలిగించాలనిపించలేదు.

రోజులు గడిచేకొద్దీ అతనికి గుర్తొచ్చేవి తగ్గాయి. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు.

"ఇదొక్కటే మిగిలింది. కావాలనే ఆఖరికి ఉంచుకున్నా."

రెండు పిడికిళ్లు కణుపు కణుపుకు ఆనించి, రొమ్ము దగ్గర పెట్టుకుని మెల్లగా విప్పాడు. ఈ ఒక్కదాంట్లో అతని వేళ్లు తప్పు చెయ్యలేదు.

"పొద్దున్నే నేను పనికి బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి చేసేది. రోజూ. పెళ్లయిన కొత్తలోంచీ."

"మళ్లీ చెయ్యి."

చేశాడు.

"ఇంకోసారి."

చేశాడు. నికాసియా ముందుకు వంగి చూసింది. చిన్నప్పటి దొడ్డి, చర్చి, ఏటి ఒడ్డు, అన్ని చోట్లా వెతికింది. ఆ మాట ఎక్కడా లేదు.

"నాకు తెలీదు సిరియాకో."

"నీకు తెలీకపోవడమేంటి వదినా?"

"ఇది మా ఇంట్లోది కాదు. అక్కడికొచ్చాక తనే చేసుకుంది. నీతో చెప్పడానికే చేసుకుంది."

"మరి దాని అర్థం ఎవరికి తెలుస్తుంది?"

ఆ భాషలో తాను ఎరగని మాట ఉంటుందని నికాసియా ఏనాడూ అనుకోలేదు. సిరియాకో తన చేతుల్నే చూసుకుంటూ ఇంకోసారి పిడికిళ్లు కలిపి విప్పాడు, ఆమె కోసం కాదు.

అవతల మేకల గంటలు వినబడ్డాయి. "దొడ్లోకి తోలాలి," అని లేచి వెళ్లాడు. ఫోను కట్టెయ్యడం మరిచిపోయాడు. తెర మీద ఖాళీ కుర్చీ, కుర్చీ వెనక సున్నం రాలిన గోడ మిగిలాయి. బయట అతను మేకల్ని ఒక్కొక్కదాన్నీ పిలుస్తున్నాడు. అతని గొంతు తగ్గిపోయేదాకా నికాసియా ఆ గోడను చూస్తూ కూర్చుంది.